పసిబిడ్డకు పగటి నెలవు: శిశు సంరక్షణాలయమును ఎన్నుకొనుట

హుగ్లీ నదికి పడమటి యొడ్డున, హౌరా నుండి బర్ద్వాను వైపు పోవు రైలుమార్గములో మొదటి స్టేషను లిలువా. 1900 సంవత్సరములో ఇక్కడ నెలకొల్పబడిన రైలుపెట్టెల కర్మాగారమును ఆశ్రయించి ఈ ఊరు పెరిగినది. ప్రతి ఉదయమున కొందరు కర్మాగారమునకు నడచిపోవుదురు. మరికొందరు హౌరా బండి నెక్కి నది దాటి కలకత్తా కార్యాలయములకు పోవుదురు. ఈ రెండవ గుంపులో చంటిబిడ్డల తల్లులు అనేకులున్నారు.

రైల్వేను, జనపనార మిల్లులను నమ్ముకొని శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తరతరములుగా వచ్చిన తెలుగువారు ఈ నదీతీరపు పట్టణములలో నివసించుచున్నారు. అట్టి కుటుంబము నొకదానిని ఊహించుకొనవచ్చును. తండ్రి కర్మాగారములో పనివాడు. తల్లి నదికి ఆవలి యొడ్డున ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు వ్రాయును. పెద్దవాడు మూడున్నర యేండ్లవాడు. చంటిపిల్లకు ఆరు నెలలు నిండినవి. కాన్పునకు తోడుగా వచ్చిన అమ్మమ్మ, ఊరిలో తాతకు పక్షవాతము వచ్చుటచే తిరిగి వెళ్లిపోయినది. తల్లికి సెలవు మరి మూడు వారములలో ముగియును. పగటివేళ ఈ ఇద్దరు బిడ్డలను ఎక్కడ విడువవలెను?

ఈ ప్రశ్న ఒక్క కుటుంబమునకు సంబంధించినది కాదు. ఉమ్మడి కుటుంబములలో అవ్వయో, పెత్తల్లియో, పినతల్లియో ఈ భారమును మోసెడివారు. పని కొరకు ఊరు విడిచిన వారికి ఆ అండ దొరకుట అరుదు. కావున సంరక్షణాలయములలో ఎన్ని విధములున్నవో, ఏ వయస్సు బిడ్డకు ఏది తగునో తెలిసికొనుట తల్లిదండ్రుల కవసరము.

ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినది?

పని చేయు తల్లుల బిడ్డలకై ప్రత్యేకముగా ఒక గృహమును నడపుట ఫ్రాన్సు దేశములో 1844లో ఫిర్మాన్ మార్బో అను నతడు పారిస్ నగరమున ప్రారంభించిన క్రెష్‌తో ప్రసిద్ధికెక్కినది. భారతదేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములలో ఆరేండ్ల లోపు బిడ్డలకు సంరక్షణశాల ఉండవలెనని విధించినది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. 1969లో ఢిల్లీ నగరమున గాంధీ శతజయంతి ప్రదర్శనమునకై కట్టడములు సాగుచున్న తావున, కూలితల్లుల బిడ్డలు దుమ్ములో పడియుండుట చూచి మీరా మహాదేవన్ అను ఆమె అక్కడనే ఒక డేరాలో సంరక్షణశాలను తెరచినది. మొబైల్ క్రెషెస్ అను సంస్థ అట్లు పుట్టినది.

2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమును సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల విషయములో వేతనముతో కూడిన సెలవును 12 వారముల నుండి 26 వారములకు పెంచిరి. 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణశాలను కల్పింపవలెననియు, తల్లి దినమునకు నాలుగు మార్లు పోయి బిడ్డను చూచివచ్చుటకు అనుమతి నీయవలెననియు అప్పుడే విధించిరి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఈ నియమమును నిలుపుకొన్నది. తన సంస్థలో ఈ సౌకర్యము కలదా యని అడుగుట ఏ తల్లికిని సంకోచింపవలసిన విషయము కాదు.

ఏ విధము ఎవరికి?

మొదటిది, ఇంటిలోనే బంధువు గాని ఆయా గాని బిడ్డను చూచుట. బిడ్డకు పరిచితమైన తావు, పరిచితమైన ఊయల ఉండును. ఇతర బిడ్డల జలుబు, దగ్గు అంటుట తక్కువ. కాని తలుపు మూసిన ఇంటిలో ఆయా యొక్కతెయే ఉన్నప్పుడు ఆమె నడవడిని చూచువారుండరు. ఆమె ఒకనాడు రాకున్న పని చెడును.

రెండవది, ఇరుగుపొరుగున ఒక గృహిణి తన ఇంటిలో ముగ్గురు నలుగురు బిడ్డలను చూచుట. బిడ్డలు కొలది మందియే అగుటచే చంటివారికి ఇది అనుకూలము. అయితే ఇట్టి ఇండ్లను తనిఖీ చేయు అధికారి సాధారణముగా ఉండడు. ఆ పనిని తల్లిదండ్రులే చేసికొనవలెను.

మూడవది, పనిచేయు తావుననున్న సంరక్షణశాల. పాలిచ్చు తల్లికి ఇది మేలు. మధ్యాహ్నము తానే పోయి పాలు పట్టవచ్చును. కాని కార్యాలయము దూరమైనచో బిడ్డ రెండు పూటలును కిక్కిరిసిన బండ్లలో ప్రయాణము చేయవలసి వచ్చును.

నాలుగవది, ప్రభుత్వ కేంద్రములు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు ఏర్పడినవి. ఆరేండ్ల లోపు వారికి పౌష్టికాహారము, మూడు నుండి ఆరేండ్ల వారికి ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య ఇచట లభించును. కాని సాధారణముగా అంగన్‌వాడీ పూటలో కొన్ని గంటలు మాత్రమే నడచును; దినమంతయు పనిచేయు తల్లికి అదొక్కటియే చాలదు. ఈ లోటును తీర్చుటకు 2022 నుండి పాల్నా అను పథకము క్రింద కొన్ని అంగన్‌వాడీలను పగటి సంరక్షణశాలలతో జతపరచుచున్నారు. ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు గల బిడ్డలను వీనిలో చేర్చుకొందురు. తమ వాడలో అట్టిది ఉన్నదో లేదో అంగన్‌వాడీ కార్యకర్త నడిగి తెలిసికొనవచ్చును.

ఐదవది, ప్రైవేటు సంరక్షణాలయములు, ఆటబడులు. వేళలు ఉద్యోగులకు అనుకూలముగా నుండును. వీనిలో చాల మంచివియు కలవు, చాల చెడ్డవియు కలవు. గోడమీది బొమ్మలను బట్టి గాని, రుసుమును బట్టి గాని రెంటికిని భేదము తెలియదు.

వయస్సును బట్టి అవసరము

సంవత్సరము నిండని బిడ్డకు కావలసినది పాఠము కాదు, ఒడి. ఆకలియైనప్పుడు పాలు, తడిసినప్పుడు పొడిగుడ్డ, ఏడ్చినప్పుడు ఎత్తుకొను చేయి, ఆ చేయి దినదినమును మారకుండుట: ఇవియే దాని అవసరములు. ఒకటి నుండి మూడేండ్ల బిడ్డ నడచును, ఎక్కును, దొరికిన ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. వానికి ఎడతెగని కాపలా కావలెను. మూడేండ్లు దాటినవానికి తోటి పిల్లలు, కథలు, ఆటలు, కొంత క్రమము కావలెను. కావున ఒకే ఇంటిలోని ఇద్దరు బిడ్డలకు ఒకే ఏర్పాటు తగకపోవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ప్రకటించిన విధానపత్రము బిడ్డ పెంపకమునకు ఐదు అంగములను చెప్పుచున్నది. అవి ఆరోగ్యము, పోషణ, భద్రత, నేర్చుకొను అవకాశము, బిడ్డ సైగను గ్రహించి బదులిచ్చు సంరక్షణ. కడపటిది లేనిచోట మొదటి నాలుగును నిలువవు. సంరక్షణాలయము నెన్నుకొనుట యనగా భవనము నెన్నుకొనుట కాదు, మనిషి నెన్నుకొనుట.

చూచి రావలసిన వేళ

లిలువాలోని ఆ దంపతులు మొదట స్టేషనుకు చేరువనున్న ఒక సంరక్షణాలయమును చూచిరి. ఉదయము పది గంటలకు పోయినప్పుడు అన్నియు అందముగా నుండెను: గోడలకు క్రొత్త రంగులు, చక్రముల గుఱ్ఱములు, నవ్వుచు ఎదురువచ్చిన యజమానురాలు. తండ్రికి ఒక సందేహము తోచి, రెండు దినముల తరువాత ముందుగా చెప్పకయే మధ్యాహ్నము రెండు గంటలకు మరల పోయెను. పదునాలుగురు బిడ్డలకు ఒక్క ఆయా ఉండెను. దూరదర్శని మ్రోగుచుండెను. ముగ్గురు చంటివారు వరుసగా పండుకొని, దిండ్ల కానించిన సీసాల నుండి ఎవ్వరి చేయియు సోకకయే పాలు త్రాగుచుండిరి. ఒక బిడ్డ ఏడ్చుచుండెను. తండ్రి అచ్చట నిలిచిన పావుగంటయు ఆ ఏడ్పు మానలేదు.

మధ్యాహ్నపు వేళయే నిజమైన పరీక్ష. బిడ్డలు అలసియుందురు, ఆయాలు అలసియుందురు, అతిథులు రారు. ఆ వేళకు పోయి ఒక అరగంట నిలిచి చూడవలెను. బిడ్డ ఏడ్చినప్పుడు ఎవరైనను తల త్రిప్పి చూచుచున్నారా? పేరు పెట్టి పిలుచుచున్నారా? తల్లిదండ్రులు ఏ వేళనైనను రావచ్చునని చెప్పుచున్నారా, లేక ముందుగా తెలుపవలెనని నియమము పెట్టుచున్నారా? రెండవ విధమైన నియమమున్న తావును విడిచిపెట్టుట మేలు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018లో ప్రకటించిన కనీస ప్రమాణముల ప్రకారము, మూడేండ్ల లోపు బిడ్డలు పదిమందికి ఒక శిక్షణ పొందిన కార్యకర్త, మూడేండ్లు దాటినవారు ఇరువదిమందికి ఒకరు, వారికి తోడు ఒక సహాయకురాలు ఉండవలెను. ఒక్కొక్క బిడ్డకు కనీసము 10 నుండి 12 చదరపుటడుగుల తావు ఉండవలెను. ఇవి కనీసపు కొలతలని మరువరాదు; పదిమందియు పాలు త్రాగు వయస్సువారే యైనచో ఆ ఇద్దరికిని పని మించిపోవును.

తరువాత చూడవలసినవి ఇవి. పిరుదులు కడిగిన పిమ్మటను, అన్నము పెట్టుటకు ముందును ఆయా సబ్బుతో చేతులు కడుగుకొనుచున్నదా? త్రాగునీరు మూతపెట్టిన పాత్రలో నున్నదా? తొట్లలో, కుండీలలో దోమలు గ్రుడ్లు పెట్టుటకు వీలైన నీరు నిలిచియున్నదా? పగటి నిద్రకును దోమతెర కట్టుచున్నారా? వంగదేశపు వర్షకాలములో డెంగ్యూ దోమ పగటివేళనే కుట్టును. ఫినాయిలు, కిరసనాయిలు, మందుల సీసాలు బిడ్డలకు అందని ఎత్తున ఉన్నవా? చంటిబిడ్డను వెల్లకిలగా పండుకొనబెట్టుచున్నారా? వైద్యుడు వ్రాయని మందు, ముఖ్యముగా నిద్రమందు, ఎన్నడును ఈయమని ఒప్పుకొనుచున్నారా? సాయంకాలము బిడ్డను ఎవరికి అప్పగింపవచ్చునో పుస్తకములో వ్రాసికొనుచున్నారా? దూరదర్శనిని, ఫోనును బిడ్డల కాపలాకు పెట్టుచున్నారా? రెండేండ్లు నిండని బిడ్డలకు తెర చూపుట తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

చెరువు గట్టున

వంగదేశము చెరువుల దేశము. ఇంటి వెనుక నీటిమడుగు ఇక్కడ సామాన్యము; అదియే పసిబిడ్డలకు పెను ప్రమాదము. పొరుగున నున్న బంగ్లాదేశములో, తల్లులు వంటపనిలో మునిగియుండు ఉదయపు గంటలలోనే బిడ్డలు ఎక్కువగా నీటిలో పడుచున్నారని గ్రహించి, 9 గంటల నుండి 1 గంట వరకు, వారమునకు ఆరు దినములు, పల్లెలలో ఆంచల్ అను సంరక్షణశాలలను నడపిరి. అచ్చట చేరిన బిడ్డలలో నీట మునిగి చచ్చువారు బహుగా తగ్గిరి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఇట్టి ప్రాంతములలో పసిపిల్లలకు పగటి సంరక్షణ కల్పించుట ప్రాణరక్షణోపాయమని గట్టిగా సిఫారసు చేసినది. అచ్చట బిడ్డలను రక్షించినవి ఖరీదైన ఆటవస్తువులు కావు. ఆ నాలుగు గంటలును రెప్పవాల్చని పెద్దవారి చూపు.

లిలువా దంపతులు తరువాత చూచినది తమ వీధి చివరి ఇల్లు. ఒక వంగ గృహిణి, కోడలితో కలిసి, నలుగురు బిడ్డలను చూచుచుండెను. గోడలకు రంగు లేదు. కాని ఇద్దరి చేతులును సబ్బు వాసన వేయుచుండెను. చంటివాడొకడు కోడలి భుజముపై నిద్రించుచుండెను. అంతయు బాగుగనే యున్నదని తోచుచుండగా తల్లి పెరటి తలుపు తెరచి చూచినది. ఇరువది అడుగుల దూరములో చెరువు, మధ్య కంచె లేదు. ఆమె నిష్ఠురమునకు వెరవక, తలుపునకు బిడ్డల కందని ఎత్తున గడియ, పెరటికి వెదురు దడి ఏర్పడిన గాని బిడ్డలను పంపనని చెప్పినది. దడి కట్టు ఖర్చులో సగము తండ్రి పెట్టుకొనెను. అది నాలుగు దినముల పని. ఆ దడి వీరి బిడ్డలకే కాక, అంతకు పూర్వము నుండి అచ్చట నున్న నలుగురికిని రక్షయైనది.

తల్లి కార్యాలయమునకు చెందిన సంరక్షణశాలయు మంచిదే. కాని ఆరు నెలల బిడ్డను ప్రతిదినము లోకల్ బండిలో హౌరాకును, అచ్చటి నుండి నది క్రింద 2024లో తెరచిన మెట్రోలో ఆవలి యొడ్డునకును మోసికొనిపోవుట ఆమెకు సాధ్యమని తోచలేదు. చివరకు చంటిపిల్లను వీధి చివరి ఇంటను, పెద్దవానిని ఉదయము అంగన్‌వాడీలోను, మధ్యాహ్నము నుండి చెల్లెలితో పాటు అదే ఇంటను విడుచుటకు నిశ్చయించిరి. సాయంకాలము పని ముగియగానే తండ్రి ఇద్దరిని తెచ్చుకొనును.

పాలు, టీకాలు, జబ్బులు

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే. ఆపైన మెత్తని ఆహారముతో పాటు రెండేండ్లు, అంతకు మించియు తల్లిపాలు ఈయవలెను. పనికి పోవు తల్లి పాలను పిండి, మరగించి కడిగిన మూతగల పాత్రలో నుంచి పోవచ్చును. చల్లని తావున నాలుగు గంటలకు మించి వీనిని నిలువ ఉంచరాదు; శీతల యంత్రములో ఒక దినము నిలుచును. గిన్నెతో, చెంచాతో పట్టుట సీసాకంటె శుభ్రము.

చేర్చుటకు ముందే టీకాల కార్డును చూచుకొనవలెను. పుట్టినప్పటివి, 6, 10, 14 వారములవి, 9 నెలలు నిండిన పిమ్మట వేయు తట్టు, రుబెల్లా టీకా, 16 నుండి 24 నెలల మధ్య వేయునవి వేళకు పడవలెను. ఇతర బిడ్డల కార్డులను కూడ చూచు సంరక్షణాలయము జాగ్రత్త గలదని తెలియవలెను.

క్రొత్తగా చేరిన బిడ్డకు మొదటి సంవత్సరములో జలుబు, దగ్గు తరచుగా వచ్చును. అందుకు బెదరనక్కరలేదు. జ్వరముతో గాని విరేచనములతో గాని ఉన్న బిడ్డను ఇంటనే ఉంచవలెను. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించి, వైద్య సిబ్బంది చెప్పిన మోతాదున జింకు బిళ్లలను 14 దినములు ఈయవలెను. బిడ్డ పాలు త్రాగలేకపోయినను, త్రాగినదెల్ల కక్కినను, మూర్ఛ వచ్చినను, మగతగా పడియున్నను, రొమ్ము లోనికి పోవునట్లు ఎగశ్వాస విడిచినను, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఈ గుర్తులు ఆయాకును తెలిసియుండవలెను. తల్లిదండ్రుల ఫోను అంకెలు ఆమె యింట గోడపై వ్రాసియుండవలెను.

మొదటి దినములు

ఎనిమిది నెలల ప్రాంతము నుండి ఒకటిన్నర సంవత్సరము వరకు బిడ్డలకు తల్లిని విడుచుట మిక్కిలి కష్టము. మొదటి దినము తల్లి తోడుండి గంటసేపు, తరువాత తల్లి లేక గంటసేపు, ఆపైన పూట, పిమ్మట దినము. ఇట్లు మెల్లగా అలవాటు చేయవలెను. బిడ్డ ఆటలో నుండగా చెప్పక జారిపోరాదు. పోయివత్తునని చెప్పి, ఏడ్చినను పోయి, చెప్పిన వేళకు తిరిగి వచ్చినచో బిడ్డకు నమ్మకము కుదురును. కొన్ని వారములు గడచినను బిడ్డ ఆ ఇంటిని చూడగానే బెదరినను, బరువు పెరుగకున్నను, దేహముపై కారణము తెలియని కమిలిన గుర్తులున్నను, ప్రతి సాయంకాలము మత్తుగా నున్నను, దానిని అలవాటు కాకపోవుట యని సరిపెట్టుకొనరాదు.

పరభాషా ప్రాంతములో నున్న వారికి మరియొక జాగ్రత్త అవసరము. పసిబిడ్డ రెండు భాషలను సులభముగా నేర్చును. ఆయా వంగభాష మాట్లాడుట లోపము కాదు. కాని బిడ్డ మాట ఆమెకు తెలియవలెను. లిలువాలోని ఆ పెద్దపిల్లవాడు మొదటి వారములో రెండు సాయంకాలములు పెదవులు ఎండి ఇంటికి వచ్చెను. మూత్రము పచ్చగా, కొంచెముగా పోసెను. తల్లి అడుగగా, "నీలు అడిగితే బంతి ఇచ్చింది" అనెను. వంగభాషలో నీల్ అనగా నీలిరంగు. ముద్దుమాటలో నీళ్లడిగిన బిడ్డకు ఆ గృహిణి ప్రేమతోనే నీలిబంతి నందించెను. ఆమెకు బిడ్డపై ప్రేమ లోపింపలేదు. ఒక్క మాట తెలియలేదు.

ఆ రాత్రి తల్లి ఒక కాగితముపై బిడ్డ మాటలను వంగ లిపిలో వ్రాసి అర్థములు చేర్చినది: నీలు, బువ్వ, ఉచ్చ, జోజో, అమ్మమ్మ. మరునాడు దానిని వంటింటి గోడకు అంటించిరి. గంట కొకమారు అడుగకయే నీరీయవలెనని కూడ చెప్పిరి. మూడవ వారమునకు పిల్లవాడు ఆ ఇంట జల్ అనియు, తన యింట నీళ్లు అనియు అడుగ నేర్చెను. ఆ గృహిణియు, చంటిపిల్ల కనులు మూతపడు వేళ, వంగభాషలో జోలపాడి చివర "జోజో" అని చేర్చ నేర్చినది.

సంరక్షణాలయమును వెదకు తల్లిదండ్రులు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మధ్యాహ్నము రెండు గంటలకు ఈ బిడ్డ ఏడ్చినచో, ఎవరు వినెదరు? ఆ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి ముఖము కనిపించినచో, తక్కిన లోపములను దడి కట్టినట్లు సరిదిద్దుకొనవచ్చును. ఆ ముఖము కనిపింపనిచోట, ఎంతటి భవనమైనను బిడ్డకు నెలవు కానేరదు.